లాగ్ చూశావురా?

పుష్యమాసం, రాత్రి పదకొండు దాటింది. మా ఇంట్లో అమ్మ నాటి ఇనప కుంపటి ఒకటుంది. ఏడాదికి పది రోజులు తప్ప దానికి పనుండదు. నాలుగు బొగ్గులు రాజేసి కాళ్ళు చాపుకున్నానో లేదో, ఫోను మోగింది. మా మేనల్లుడు.

"మావయ్యా, ఐదోసారి పెట్టాను. ఐదోసారీ అదే వరస."

ఏం పెట్టావురా అని అడగక్కర్లేదు. నాలుగు రోజులుగా వాడి గోల అదే. వాళ్ళ కాలేజీ పూర్వ విద్యార్థుల సంఘానికి సొంత మెయిల్ సర్వర్ పెడతానని మీటింగులో నోరు జారాడు. నెలకోసారి ఓ ఆరువందల మందికి కబురు పంపాలి. దానికి సొంత సర్వర్ ఎందుకురా, ఉన్న సర్వీసులు చాలవా అంటే, "నేర్చుకుందామని" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. నేనూ అలాగే మొదలెట్టాను కదా! ఓ అద్దె సర్వర్ తీసుకుని, దాని మీద డెబియన్ 12 ఎక్కించి, దాని మీద మెయిళ్ళు మోసే పోస్ట్‌ఫిక్స్ పెట్టాడు. డెబియన్ అంటే తెలుసుగా, 1993లో ఇయాన్ మర్డాక్ అనే కుర్రాడు మొదలెట్టిన లినక్స్. తన పేరులో ముక్కని, అప్పటి స్నేహితురాలు డెబ్రా పేరులో ముక్కని కలిపి ఆ పేరు పెట్టాడు.

"లాగ్ చూశావురా?" అన్నాను.

"లేదు మావయ్యా, మొత్తం తీసేసి మళ్ళీ పెట్టాను."

ఇదిగో, ఈ జబ్బు గురించే ఇవాళ మీతో చెప్పుకోవాలని ఉంది. జ్వరం వచ్చిందని ఇల్లు మారినట్టు, ఏది మొరాయించినా తీసేసి మళ్ళీ పెట్టడం. విండోస్ మీద పెరిగిన చేతులకి ఇది అలవాటైపోయింది. వాళ్ళనీ అనడానికి లేదు, అక్కడ చాలాసార్లు ఫలిస్తుంది కూడా. డెబియన్ దగ్గర మాత్రం ఈ వైద్యం పనిచెయ్యదు, దానికో చక్కటి కారణం ఉంది. "ఆప్ట్ రిమూవ్" అంటే అది ప్రోగ్రామునే తీసేస్తుంది. మీరు రాసుకున్న సెట్టింగుల ఫైళ్ళని ముట్టుకోదు, ఈటీసీ డైరెక్టరీలో భద్రంగా ఉంచుతుంది. మీరు కష్టపడి రాసుకున్నవి, రేపు మళ్ళీ కావాలేమో అని దాని ఆలోచన. వాటితో సహా పోవాలంటే "పర్జ్" అనాలి. మావాడు ఐదుసార్లూ రిమూవ్ అన్నాడు. అంటే ఐదుసార్లూ తప్పుని జాగ్రత్తగా దాచిపెట్టి, కొత్త ప్రోగ్రాముకి అప్పజెప్పాడన్నమాట. అద్దెకున్నవాళ్ళు మారారు గానీ చెదలు అలాగే ఉన్నాయి.

మా నాన్నగారు ఆర్‌ఎమ్మెస్‌లో పనిచేశారు. రైల్వే మెయిల్ సర్వీస్. విజయవాడ, విశాఖ మధ్య రాత్రి బండిలో, ఊగే డబ్బాలో నిలబడి, గళ్ళ అరలో ఉత్తరాలు విడగొట్టడం ఆయన ఉద్యోగం. పిన్ కోడ్ వచ్చింది 1972 ఆగస్టు 15న. అంతకు ముందు ఏ పల్లె ఏ టపాలో పోతుందో అంతా నోటికే. ఉత్తరం ఆలస్యమైందని ఎవరైనా ఇంటికొచ్చి గోలపెడితే ఆయన ముందు కవరు తెమ్మనేవారు. వెనక్కి తిప్పి ముద్రలు చదివేవారు. "ఇదిగో, ఇక్కడికి పదకొండున చేరింది. ఇక్కణ్ణించి పదిహేడున కదిలింది. అడగాల్సింది ఈ ఆఫీసుని, నన్ను కాదు" అనేవారు. ఆయన ఉత్తరం ఎక్కడ ఆగిందో ఊహించగా నేను చూడలేదు, ప్రతిసారీ చదివి చెప్పేవారు.

మెయిల్ సర్వర్ కూడా అంతే. నిజానికి తపాలా శాఖ కంటే ఎక్కువ రాస్తుంది. ఎవరొచ్చారు, ఏమిచ్చారు, ఎవరికి, ఎన్ని సెకన్లు పట్టింది, అవతలివాడు ఏమన్నాడు, అన్నీ వరసగా లాగ్‌లో. దీనంత వాగుడుకాయ ప్రోగ్రాము మరోటి నేను చూడలేదు. మనమే వినం.

"సరేలే, లాగ్ తెరువు" అన్నాను.

"లాగే లేదు మావయ్యా!"

మీరు నవ్వకండి, వాడు చెప్పింది నిజం. ఏళ్ళ తరబడి వార్ లాగ్‌లో మెయిల్ డాట్ లాగ్ అనే ఫైలు ఉండేది. మాలాంటి పాతవాళ్ళం కళ్ళు మూసుకుని దాన్ని తెరిచేవాళ్ళం. 2023లో వచ్చిన డెబియన్ 12 నించీ ఆ ఫైలు రాసే ఆర్‌సిస్‌లాగ్ అనే ప్రోగ్రాము దానంతటది రావడం మానేసింది. ఇప్పుడు అన్నీ సిస్టమ్‌డీ జర్నల్లోకి పోతాయి. లాగ్ ఉంది, పాత చిరునామాలో లేదు, అంతే. జర్నల్‌సీటీఎల్ అని పిలిచి అడగాలి.

"అసలు సర్వర్ నడుస్తోందా?"

"నడుస్తోంది మావయ్యా, పచ్చగా యాక్టివ్ అని చూపిస్తోంది."

"యాక్టివ్ పక్కన బ్రాకెట్లో ఏముంది?"

కాస్త ఆగాడు. "ఎగ్జిటెడ్ అనుంది."

యాక్టివ్, కానీ ఎగ్జిటెడ్! ఉన్నాడు, కానీ వెళ్ళిపోయాడు. గవర్నమెంటాఫీసులో కుర్చీకి తగిలించిన కోటులా. డెబియన్ 12లో పోస్ట్‌ఫిక్స్ పేరు పెట్టుకున్న సర్వీసు ఉత్త బోర్డే. అదేమీ చెయ్యదు, "సరే" అనేసి తప్పుకుంటుంది. ఒకే యంత్రం మీద రెండు మూడు పోస్ట్‌ఫిక్స్‌లు నడుపుకునేవాళ్ళ సౌకర్యం కోసం చేసిన ఏర్పాటు అది. అసలు మనిషి పేరు వేరు. పోస్ట్‌ఫిక్స్ అని రాసి, పక్కన ఎట్ గుర్తు, ఆ పక్కన ఓ అడ్డగీత పెట్టాలి. ఫోనులో ఆ అడ్డగీత చెప్పేసరికి నాకు దగ్గొచ్చింది.

"ఇప్పుడు ఎర్రగా ఫెయిల్డ్ అని వచ్చింది మావయ్యా!" అన్నాడు, అదేదో శుభవార్త అయినట్టు. శుభవార్తే.

కింద లాగ్ ఆఖరి లైన్లు చదవమన్నాను. కూడబలుక్కుని చదివాడు: "వ్యాలిడ్ హోస్ట్‌నేమ్... ఇన్‌వాలిడ్ క్యారెక్టర్ 32 డెసిమల్..." యంత్రం పేరులో 32వ నంబరు అక్షరం ఉంది, అది చెల్లదు అంటోంది.

"32వ అక్షరం ఏంటి మావయ్యా, ఇంగ్లీషులో ఉన్నవే 26 కదా?"

ఇది ఇంగ్లీషు అక్షరమాల కాదురా, ఆస్కీ పట్టిక. అందులో 65 అంటే పెద్ద ఏ. 97 చిన్న ఏ. 32 అంటే ఖాళీ, స్పేస్ బార్ నొక్కితే వచ్చేది. కంటికి కనపడని దాన్ని పట్టుకుని గొడవ చేస్తోంది పాపం. పోస్ట్‌ఫిక్స్ సెట్టింగులుండే మెయిన్ డాట్ సీఎఫ్ ఫైలు తెరిచి మైహోస్ట్‌నేమ్ అనే లైను చదవమన్నాను. యంత్రం పేరు చదివాడు. తర్వాత ఆగిపోయాడు.

"ఆ తర్వాత ఏముంది?"

"హ్యాష్ గుర్తు పెట్టి... 'మావయ్య చెప్పాడు' అని రాసుకున్నాను, గుర్తుంటుందని."

అప్పటికి బొగ్గులు సగం బూడిదయ్యాయి.

మిగతా చాలా ఫైళ్ళలో లైను చివర హ్యాష్ పెట్టి ఏం రాసుకున్నా నడుస్తుంది. పోస్ట్‌ఫిక్స్ ఒప్పుకోదు. వ్యాఖ్యకి సొంత లైను ఉండాలి. లైను మధ్యలో వచ్చిన హ్యాష్ దానికి మామూలు అక్షరమే. కాబట్టి మావాడి సర్వర్ నాలుగు రోజులుగా తన పేరు "మెయిల్ డాట్ సంఘం డాట్ ఓఆర్‌జీ హ్యాష్ మావయ్య చెప్పాడు" అనుకుంటోంది, మధ్యలో ఖాళీలేమిటని ఏడుస్తోంది. ఇలాంటిదే ఇంకోటి చెప్తాను, ఎప్పుడైనా పనికొస్తుంది. ఈ ఫైలులో ఏ లైనైనా ఖాళీతో మొదలైతే అది కొత్త లైను కాదు, పై లైనుకి కొనసాగింపు. అందంగా ఉంటుందని లైన్లు జరిపి రాసేవాళ్ళు ఇక్కడ పడతారు. రెండు సెట్టింగులు ఒకదానికొకటి అతుక్కుపోయి మూడోదేదో తయారవుతుంది. ఫైలులో ఏముందని మనం అనుకుంటున్నామో వదిలేసి, పోస్ట్‌ఫిక్స్ ఏమనుకుంటోందో చూడాలంటే "పోస్ట్‌కాన్ఫ్ ఎన్" అనాలి. డీఫాల్ట్ కాకుండా మనం రాసినవన్నీ అప్పజెప్తుంది.

ఆ వ్యాఖ్యని అక్కణ్ణించి తీసేశాక సర్వర్ లేచింది. మావాడు ఫోను పెట్టేయబోయాడు. ఆగరా అన్నాను. సర్వర్ లేవడం వేరు, టపా కదలడం వేరు.

పోస్ట్‌ఫిక్స్ అంటే ఒక ప్రోగ్రాము కాదు, ఓ చిన్న పోస్టాఫీసు. వాకిట్లో టపా తీసుకునేవాడొకడు, కవరు సరిచేసేవాడొకడు, క్యూ చూసేవాడొకడు, బయటూరికి మోసేవాడొకడు, ఊళ్ళో బట్వాడా చేసేవాడొకడు, తిరుగుటపా రాసేవాడొకడు. వీళ్ళందరి మీదా మాస్టర్ అని ఓ పోస్టుమాస్టరు. ఎవడి తాళం వాడిదే. ఒకడి గదిలో దొంగ పడితే పక్కగదిలోకి పోలేడు. నెదర్లాండ్స్ ఆయన వీట్సే వెనెమా ఐబీఎమ్ పరిశోధనశాలలో ఉండగా రాసి 1998లో బయటపెట్టాడు. అప్పటిదాకా రాజ్యమేలిన సెండ్‌మెయిల్‌లో అన్నీ ఒకడే చేసేవాడు, అదీ సర్వాధికారాలతో. 1988 నవంబరులో మోరిస్ వార్మ్ అనే పురుగు ఇంటర్నెట్ అంతా పాకినప్పుడు దానికి దొరికిన దారుల్లో సెండ్‌మెయిల్ ఒకటి. సెండ్‌మెయిల్ సెట్టింగుల ఫైలు చూసినవాళ్ళెవరూ పోస్ట్‌ఫిక్స్ ఫైలుని తిట్టరు. నేను చూశాను. కీబోర్డు మీద పిల్లి నడిచినట్టుంటుంది.

సరే, మావాడి రెండో గండం. సంఘం చిరునామాకి తనే ఓ మెయిలు పంపుకున్నాడు. వెంటనే తిరుగుటపా వచ్చింది: "మెయిల్ లూప్స్ బ్యాక్ టు మైసెల్ఫ్". బయట తన జీమెయిల్ నుంచి పంపితే ఇంకో మాట: "రిలే యాక్సెస్ డినైడ్". రెండు జబ్బులనుకున్నాడు. ఒక్కటే, రెండు వైపుల నుంచి కనపడుతోంది.

నాన్నగారు చెప్పిన పద్ధతిలో చెప్తాను. ప్రతి పోస్టాఫీసుకీ తన బట్వాడా ఊళ్ళ జాబితా ఉంటుంది. వచ్చిన ఉత్తరం ఆ జాబితాలో ఊరిదైతే సంచిలో వేసి పోస్ట్‌మ్యాన్‌కిస్తారు, కాకపోతే ఆ ఊరి ఆఫీసు ఎక్కడుందో చూసి అటు పంపుతారు. పోస్ట్‌ఫిక్స్‌లో ఆ జాబితా పేరు మైడెస్టినేషన్. సంఘం డాట్ ఓఆర్‌జీ ఆ జాబితాలో లేదు. కాబట్టి "ఇది మనూరు కాదు, ఎవరిదో చూద్దాం" అని, పేర్లకి చిరునామాలు చెప్పే డీఎన్ఎస్‌ని అడిగింది. డీఎన్ఎస్ ఏమంది? "ఆ ఊరి పోస్టాఫీసు నువ్వేగా!" అంది. పోస్ట్‌ఫిక్స్ బిత్తరపోయి, టపా నాకే తిరిగొస్తోంది మొర్రో అని వెనక్కి పంపింది. బయటినుంచి వచ్చినవాడితో మాత్రం, "మనూరిది కాని టపా, అదీ ముక్కూమొహం తెలియనివాడి దగ్గర తీసుకుని మొయ్యను పో" అంది. రెండూ న్యాయమే.

జాబితాలోంచి ఎందుకు జారిపోయిందంటే, పోస్ట్‌ఫిక్స్ పెట్టేటప్పుడు డెబియన్ నీలి తెర మీద రెండు ప్రశ్నలడుగుతుంది. ఏ రకం సర్వర్ అన్నది మొదటిది, ఇంటర్నెట్ సైట్ అంటే చాలు. రెండోది సిస్టమ్ మెయిల్ నేమ్. ఇక్కడ రాయాల్సింది ఎట్ గుర్తు తర్వాత వచ్చే ఊరి పేరు, సంఘం డాట్ ఓఆర్‌జీ. మావాడు యంత్రం పేరు రాశాడు, ముందు మెయిల్ తగిలించి. ఊరి పేరడిగితే ఇంటి పేరు చెప్పాడు. ఈ పొరపాటు చెయ్యనివాణ్ణి నేనింకా చూడలేదు.

ఇక్కడ మీకొక్క మాట, చెయ్యి పట్టుకుని చెప్తున్నాననుకోండి. "రిలే యాక్సెస్ డినైడ్" అని కనపడగానే కొందరు మహానుభావులు, ఎవరి టపా మొయ్యాలో రాసే మైనెట్‌వర్క్స్ అనే చోట లోకంలోని చిరునామాలన్నీ వచ్చేలా సున్నాలు రాసి, "పోయిందండీ ఎర్రరు" అని మురిసిపోతారు. పోతుంది మరి. ఇంటికి తలుపులు పీకేస్తే తాళంచెవి పోయిందన్న బెంగ ఉండదు కదా. అప్పట్నించీ దారిన పోయే ప్రతి దొంగా తన దొంగ మెయిళ్ళు మీ సర్వర్ మీదుగా పంపుతాడు. మీ ఐపీ నల్లజాబితాలకి ఎక్కుతుంది. ఎక్కడం గంటల్లో పని. దిగడానికి మాత్రం ఒక్కో జాబితా వాణ్ణీ బతిమాలుకోవాలి.

మావాడి మూడో గండానికి వెళ్ళేలోగా నా సొంత భాగోతం ఒకటి ఒప్పుకోవాలి, లేకపోతే నేనేదో పుట్టుకతో లాగ్ చదివానని మీరనుకుంటారు. పదేళ్ళ కిందట ఓ చిన్న ఆఫీసులో ఇలాంటి సర్వరే పెట్టాను. ఇంటర్నెట్ లైను మార్చారు, డీఎన్ఎస్ చిరునామాలు మారాయి. కొత్తవి రాశాను. సర్వర్ నుంచి ఏ సైటు పేరడిగినా ఠక్కున చిరునామా చెప్తోంది. పోస్ట్‌ఫిక్స్ మాత్రం "హోస్ట్ నాట్ ఫౌండ్, ట్రై అగైన్" అంటూ కూర్చుంది. అదే యంత్రం, అదే కేబులు. పక్కన నించున్న కమాండుకి కనపడే ఊరు దీనికి కనపడదు. తెల్లారేదాకా కూర్చున్నాను. చివరికి విసుగొచ్చి రీబూట్ చేశాను. బాగైంది. చుట్టూ ఉన్నవాళ్ళు నన్ను మేధావి అన్నారు. నేనూ కాదనలేదు. ఎందుకు బాగైందో నాకు మరో ఏడాది దాకా తెలీదు.

కారణం ఇదీ. అప్పటి డెబియన్ పోస్ట్‌ఫిక్స్ పనివాళ్ళలో చాలామందిని ఓ గదిలో పెట్టి తాళం వేసేది. వార్ స్పూల్ పోస్ట్‌ఫిక్స్ అనే డైరెక్టరీయే వాళ్ళకి లోకం, బయట ఏముందో వాళ్ళకి కనపడదు. దీన్ని క్రూట్ అంటారు. దొంగ లోపలికొచ్చినా ఆ గది దాటలేడని. మరి లోపలున్నవాడికి డీఎన్ఎస్ ఎక్కడుందో తెలియాలి కదా? అందుకని సర్వర్ మొదలయ్యేటప్పుడు బయటి చిరునామాల చీటీకి ఓ నకలు తీసి గదిలో పెట్టేది. నేను బయటి చీటీ మార్చాను. లోపలివాడు పాత నకలే చదువుతున్నాడు. రీబూట్‌లో కొత్త నకలు లోపలికి పోయింది. ఆ రాత్రి పోస్ట్‌ఫిక్స్‌ని ఒక్కసారి రీస్టార్ట్ చేసి ఉంటే రెండు సెకన్ల పని. ఆ ఆఫీసువాళ్ళకి ఈ సంగతి ఇప్పటికీ చెప్పలేదు.

మావాడి దగ్గరికొద్దాం. ఊరి పేరు జాబితాలో చేర్చాక ఊళ్ళో టపా అందుతోంది. ఫోనులో మెయిల్ డబ్బా మాత్రం తెరుచుకోవడం లేదు. డబ్బా తెరిచి చూపించే పని పోస్ట్‌ఫిక్స్‌ది కాదు, డవ్‌కాట్‌ది. ఫిన్లాండు కుర్రాడు టిమో సిరైనెన్ 2002లో బయటపెట్టిన ప్రోగ్రాము అది. ఇద్దరికీ ఒకే అలమర చూపించాలి. పోస్ట్‌ఫిక్స్‌కి "మెయిల్‌డిర్" అని రాశాడు మావాడు, చివర స్లాష్ గీత పెట్టలేదు. ఆ గీత ఉంటే ఉత్తరానికో ఫైలు చొప్పున పెట్టుకునే డైరెక్టరీ, లేకపోతే అన్నీ ఒకదాని కింద ఒకటి అతికించిన ఒకే ఫైలు. డవ్‌కాట్ డైరెక్టరీ కోసం వెతుకుతోంది, అక్కడ అదే పేరుతో ఫైలుంది. ఇదీ లాగ్‌లో ఉంది, చదివితే. "డెలివర్డ్ టు మెయిల్‌డిర్" అని రావాల్సిన చోట "డెలివర్డ్ టు మెయిల్‌బాక్స్" అని వచ్చింది. ఒక్క మాట తేడా. మావాడు ఈసారి తనే పట్టాడు, ఫోనులో అరిచాడు. అర్ధరాత్రి పన్నెండున్నరకి వాళ్ళమ్మ లేచి ఏమైందిరా అనడం నాకు వినపడింది.

ఆఖరిది బయటికి పంపడం. క్యూలో మెయిళ్ళు పేరుకుపోయాయి. లాగ్‌లో పోర్ట్ 25, "కనెక్షన్ టైమ్డ్ ఔట్".

"మళ్ళీ పెట్టమంటావా మావయ్యా?"

ఏం చెప్పను! ఒరేయ్, "రిఫ్యూజ్డ్" అంటే తలుపు తట్టావు, లోపల్నించి ఎవరో వెళ్ళవయ్యా అన్నారు. యంత్రం చేరావు, ఆ పోర్టులో ఎవరూ కూర్చోలేదని ఆ యంత్రమే చెప్పిందని అర్థం. "టైమ్డ్ ఔట్" అంటే తలుపు తట్టావు, ఉలుకూ పలుకూ లేదు. దారిలోనే ఎవడో నీ మాటని మింగేస్తున్నాడు. అద్దె సర్వర్లిచ్చేవాళ్ళు చాలామంది బయటికెళ్ళే 25 పోర్టుని మూసేస్తారు. వాళ్ళ చిరునామాల మీంచి దొంగ మెయిళ్ళు పోకుండా. కబురంపి, మేం మంచివాళ్ళమని నమ్మించి తెరిపించుకోవాలి. లేదా 587 పోర్టు మీదుగా మరో పెద్ద సర్వర్‌కి యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చి, మా టపా నువ్వు మొయ్యి అని అప్పజెప్పాలి. ఇందులో పోస్ట్‌ఫిక్స్ తప్పు పిసరంత లేదు, వందసార్లు పెట్టినా తెరుచుకోదు. మావాడు సర్వర్ ఇచ్చినవాళ్ళకి రాశాడు. రెండు రోజులకి తెరిచారు.

ఆ రెండు రోజులూ క్యూలో ఉన్నవాటికి ఏమీ కాలేదు. పోస్ట్‌ఫిక్స్ ఓపికమంతురాలు. నాలుగుతో మొదలయ్యే జవాబు వచ్చినా, అసలు జవాబే రాకపోయినా తర్వాత వస్తానంటుంది, డీఫాల్టుగా ఐదు రోజులు తిరుగుతుంది. ఐదుతో మొదలయ్యే జవాబొస్తే ఇంక అంతే, తిరుగుటపా. ఇందులో ఓ మెలిక ఉంది. మనం చెప్పి పెట్టకపోతే ఆ ఐదు రోజులూ పంపినవాడికి ఆలస్యమని మాటమాత్రం చెప్పదు. అందుకే క్యూ ఎలా ఉందో రోజూ "మెయిల్‌క్యూ" అని అడిగి చూడాలి.

పోర్టు కోసం ఎదురుచూస్తూ ఖాళీగా కూర్చున్నాడని, సర్వర్‌తో చేత్తో మాట్లాడడం నేర్పాను. మీకూ చూపిస్తాను, సరదాగా ఉంటుంది. టెల్నెట్ అని పిలిచి, మన యంత్రం పేరు, 25 అని కొట్టాలి. అవతల్నించి "220" అంటూ తన పేరు చెప్పుకుంటుంది. మనం "ఈహెచ్ఎల్ఓ" అని పలకరించాలి, పక్కన మన పేరు. స్పెల్లింగు తప్పు కాదు. జాన్ పోస్టెల్ 1982లో ఈ మర్యాదలన్నీ రాసినప్పుడు ప్రతి పిలుపూ నాలుగక్షరాల్లో కుదించాడు, హెలో కూడా. 1993లో కొత్త సౌకర్యాలొచ్చినప్పుడు అక్షరాలు అటూ ఇటూ చేసి ఈహెచ్ఎల్ఓ అన్నారు. తర్వాత ఎవరి నుంచో చెప్పాలి, "250 ఓకే" అంటుంది. ఎవరికో చెప్పాలి, "250 ఓకే". ఉత్తరం చదువుతాను అంటే "354" అని చెవొగ్గుతుంది. అంతా రాసి, చివర ఓ లైనులో ఒక్క చుక్క పెట్టి ఎంటర్ కొట్టాలి. ఆ చుక్కే కవరంటించడం. "250, క్యూలో వేశాను" అంటూ ఓ నంబరిస్తుంది. ఆ నంబరు పట్టుకుని లాగ్‌లో వెతికితే ఆ ఉత్తరం జాతకమంతా వస్తుంది. వెళ్ళొస్తానంటే "221 బై". నలభై ఏళ్ళు దాటినా మారని మర్యాద. మనుషులు ఫోను పెట్టేసేటప్పుడు ఇంత పద్ధతిగా ఉండడం లేదు.

మూడోరోజు మధ్యాహ్నం మొదటి మెయిలు బయటికెళ్ళింది. జీమెయిల్ స్పామ్‌లో పడింది. ఆ సంగతి చెప్పాలంటే ఇంకో కుంపటి కావాలి. ఐపీ నుంచి పేరు వెనక్కి చూపించే పీటీఆర్, ఏ సర్వర్ మన తరఫున పంపొచ్చో చెప్పే ఎస్పీఎఫ్, ఉత్తరానికి సంతకంలాంటి డీకిమ్, ఇవి లేకపోతే గుమ్మం ఎక్కనివ్వరు. 2024 ఫిబ్రవరి నుంచి పెద్ద సర్వీసులు మరీ బిగించాయి. అందులో నిందించడానికేం లేదు, రోజూ వాళ్ళ గుమ్మంలో పడే చెత్త అంతుంది. మావాడు రెండు వారాలు కూర్చుని అన్నీ పెట్టాడు. ఎవరినీ ఏమీ అడగలేదు, తిరుగుటపాలో అవతలివాడు రాసిన కారణం చదువుకుంటూ పోయాడు.

మీలో ఎవరి సర్వరైనా ఇలా మొరాయిస్తే, నాలాంటి మావయ్య ఎక్కడోచోట ఉండే ఉంటాడు, మొహమాటపడకుండా ఫోను చెయ్యండి. చేసేముందు మాత్రం లాగ్ ఆఖరి ఇరవై లైన్లు, పోస్ట్‌కాన్ఫ్ ఎన్ అన్నది చేతిలో పెట్టుకోండి, పాస్‌వర్డులుంటే చెరిపేసి. "పనిచెయ్యట్లేదు" అన్న ఒక్కమాట మీద అర్ధరాత్రి పూట ఎవరూ ఏమీ చెప్పలేరు.

సంఘం మెయిళ్ళు ఇప్పుడు నెలనెలా అందరికీ అందుతున్నాయి. మొన్న ఓసారి ఏదో సెట్టింగు చూడాల్సొచ్చి ఆ సర్వర్‌లోకి వెళ్ళాను. మెయిన్ డాట్ సీఎఫ్‌లో "మావయ్య చెప్పాడు" అనేది ఇంకా అలాగే ఉంది. మైహోస్ట్‌నేమ్ పైన, సొంత లైనులో.